జొన్న వేద్దామనుకునేవారు ఏటా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు అత్తాపూర్‌లో, పొలం వికారాబాద్ దాటాక. నాలుగెకరాలు, ఒక బోరు. ఆ బోరు ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ల కంటే గాలే ఎక్కువ పోస్తుంది. అందుకే తొమ్మిదేళ్లుగా ఏదో ఒక చెక్కలో జొన్న వేస్తున్నాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి బంధువులు, పాత సహోద్యోగులు, శంకర్‌పల్లి వైపు ఎకరం కొనుక్కున్న మా అపార్ట్‌మెంటువాళ్లు మొదటి వాన పడగానే ఫోను చేస్తారు. ప్రశ్నలు ఏటా అవే. ఫోనులో చెప్పినవన్నీ ఒకచోట రాసి పెడితే నాకూ, వారికీ సుఖమని ఇది తయారుచేశాను. ఎవరి ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు.

## పొలం, విత్తనం తేల్చుకునే ముందు

జొన్నకు నీళ్లే అక్కర్లేదని అంటారు, నిజమేనా?

నిజం కాదు. నీళ్లు అక్కర్లేని పంట ఏదీ లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం పంటకాలం మొత్తానికి జొన్నకు 450 నుంచి 650 మిల్లీమీటర్ల నీరు కావాలి. మొక్కజొన్నకు 500–800, పత్తికి 700–1300, చెరకుకు 1500–2500. అంకెలు చూస్తే జొన్నకూ మొక్కజొన్నకూ మరీ అంత తేడా ఏముందని అనిపిస్తుంది. తేడా మొత్తంలో కాదు, ఎదురుచూడటంలో ఉంది. మొక్కజొన్న పూత వేసే సమయంలో రెండు మూడు వారాలు వాన లేకపోతే ఇక కోలుకోదు. జొన్న పూతకు ముందు వాన ఆగితే ఎదుగుదల ఆపేసి, ఉన్నచోటే నిలబడి, వాన పడ్డాక మళ్లీ మొదలుపెడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. జొన్నకు అది మొత్తం మీద సరిపోతుంది. మన బాధంతా ఆ వాన మనకు కావలసిన రోజున పడకపోవడమే. జొన్న ఆదుకునేది అక్కడే.

మాది ఎర్ర చెల్క నేల. జొన్న వస్తుందా?

వానాకాలంలో వస్తుంది, యాసంగిలో కష్టం. నేల రంగు కంటే లోతు ముఖ్యం. గడ్డపార తీసుకుని పొలంలో మూడు చోట్ల గుంత తవ్వి చూడండి. అడుగున్నరకే మొరం తగిలితే ఆ నేల దాచుకునే నీళ్లు పది పన్నెండు రోజుల ఎండకు సరిపోతాయి, అంతే. మీటరు లోతున్న నల్లరేగడి 150 నుంచి 200 మిల్లీమీటర్ల నీటిని కడుపులో పెట్టుకోగలదు. జొన్న వేర్లు మీటరున్నర దాకా దిగుతాయి, కానీ దిగడానికి మట్టి ఉండాలి కదా! భూమి చూపించిన మధ్యవర్తి ఈ గుంతలు తవ్వి చూపించడు.

వానాకాలం వేయాలా, యాసంగి వేయాలా?

రెండూ జొన్నే అయినా రెండు వేర్వేరు పంటలనుకోండి.

వానాకాలం పంట జూన్‌లో తొలకరికి విత్తి అక్టోబరు ప్రాంతంలో కోసేది. యాసంగితో పోలిస్తే నీళ్లకు లోటు తక్కువ, దిగుబడి ఎక్కువ. చిక్కు కోత దగ్గర వస్తుంది. గింజ పాలుపోసుకుని గట్టిపడే రోజుల్లో ముసురు పట్టిందా, కంకి మీద బూజు పడుతుంది, గింజ నల్లబడుతుంది, ధర సగానికి పడిపోతుంది.

యాసంగి పంటను సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు మధ్యలోగా నల్లరేగడిలో విత్తుతారు. విత్తాక పెద్దగా వానలుండవు. నేలలో దాగిన పదునుతోనే, అంటే తడితోనే, పంట గట్టెక్కాలి. మంచు, చలి, పొడి గాలి ఉంటాయి కాబట్టి గింజ ముత్యంలా తెల్లగా ఉంటుంది. రొట్టెకు అందరూ అడిగేది ఆ గింజే, పశువులకు ఇష్టమైనది ఆ చొప్పే. తాండూరు, నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు రేగళ్లలో ఈ పంట అలవాటు. దిగుబడి మాత్రం వానాకాలం కంటే తక్కువ.

నా సలహా: చెల్క అయితే వానాకాలం, లోతైన రేగడి అయితే యాసంగి. రేగడిలో రెండూ వేద్దామనే ఆశ అందరికీ కలుగుతుంది. వానాకాలం పంట పదునంతా తాగేస్తే యాసంగికి నేలలో మిగిలేది పగుళ్లే. యాసంగికి ముందు పెసర లాంటి స్వల్పకాలిక పంట ఒకటి వేసుకుంటే చాలు.

ఏ రకం మంచిది?

ముందు పేర్లు చదవడం నేర్చుకోండి. సంచి మీద సి.ఎస్.హెచ్. అని ఉంటే హైబ్రిడ్, సి.ఎస్.వి. అని ఉంటే సూటి రకం. మన దేశంలో వాణిజ్యపరంగా వచ్చిన మొదటి జొన్న హైబ్రిడ్ సి.ఎస్.హెచ్.-1, 1964లో విడుదలైంది. హైబ్రిడ్ గింజను మరుసటి ఏడాది విత్తనానికి వాడితే పంట సమంగా రాదు, ఏటా కొనాలి. సూటి రకాలలో మంచి కంకులు ఎంచి మీరే దాచుకోవచ్చు.

యాసంగికి ఇప్పటికీ పెద్దమనిషి ఎం. 35-1. 1930లలో మహారాష్ట్రలోని మోహోల్‌లో స్థానిక మాల్‌దండి జొన్న నుంచి ఎంపిక చేసినది. అది వచ్చాక ఎన్నో రకాలు వచ్చాయి, వెళ్లాయి. రొట్టె రుచి, చొప్ప నాణ్యత కలిపి చూస్తే దాన్ని పూర్తిగా పక్కకు నెట్టినది లేదు. ఆంధ్రప్రదేశ్ వైపు నంద్యాల తెల్ల జొన్న రకాలు పేరున్నవి. మన దగ్గర నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని పరిశోధన స్థానం జొన్న మీద పనిచేస్తోంది. అక్కడి రకాల గురించి అడిగి తెలుసుకోండి.

నాకు ఒకసారి ఒక విత్తన దుకాణంలో వానాకాలపు హైబ్రిడ్‌ను యాసంగికి అంటగట్టారు. చలికి మొక్క గిడసబారిపోయింది, కంకి పిడికెడు కూడా లేదు. సంచి మీద కాలం రాసి ఉంది. చదవని తప్పు నాదే.

విత్తనం హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఇక్రిశాట్ వాళ్లు ఇస్తారా?

రాజేంద్రనగర్‌లోనే రెండు చోట్లున్నాయి: భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఒకటి, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒకటి. విత్తే కాలానికి నెల ముందే వెళ్లి అడగండి, వాన పడ్డాక వెళితే ఖాళీ చేతులతో తిరిగి రావాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ, 1972లో మొదలైంది. దాని జన్యు నిధిలో 40 వేలకు పైగా జొన్న నమూనాలున్నాయి. కానీ అది పరిశోధన కోసం, సంచుల్లో అమ్మే దుకాణం కాదు. పాత నాటు జొన్నలు కావాలంటే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా వాటిని కాపాడుతున్నాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

ఎకరానికి ఎంత మిగులుతుంది? నిజం చెప్పండి.

దేశ సగటు దిగుబడి హెక్టారుకు ఒక టన్ను చుట్టూ ఉంది, అంటే ఎకరానికి నాలుగు క్వింటాళ్లు. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర హైబ్రిడ్ జొన్నకు క్వింటాలుకు 3,699 రూపాయలు, మాల్‌దండికి 3,749. అంటే సగటు పంటకు గింజ మీద వచ్చేది ఎకరాకు 15 వేల లోపే. మంచి రేగడి, మంచి విత్తనం, సమయానికి ఒక తడి ఉంటే ఇది రెట్టింపు కావచ్చు. దానికి చొప్ప అమ్మకం కలుపుకోండి. మద్దతు ధర ప్రకటించడం వేరు, మీ ఊళ్లో కొనుగోలు కేంద్రం తెరవడం వేరు. అది కూడా లెక్కలో పెట్టుకోండి. భూమిని కౌలుకు తీసుకుని జొన్నతో కోటీశ్వరులవుదామనుకునేవారికి నా దగ్గర సలహా లేదు.

ఇంత మంచి పంట అయితే అందరూ ఎందుకు మానేశారు?

1970ల ఆరంభంలో దేశంలో 1.7 కోట్ల హెక్టార్లకు పైగా జొన్న ఉండేది. ఇప్పుడు 40 లక్షల చుట్టూ తిరుగుతోంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, రోజూ రొట్టె తట్టే శ్రమ ఎవరు పడతారు? బోర్లు వచ్చి వరి వచ్చింది, పత్తి వచ్చింది, కోళ్ల దాణా కోసం మొక్కజొన్న వచ్చింది. పేదవాడి తిండి అనే ముద్ర ఉండనే ఉంది. మా నాన్న చిన్నప్పుడు పండుగకు మాత్రమే వరి అన్నం తిన్నారు. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఆదివారం ప్రత్యేకంగా జొన్న రొట్టె తెప్పించుకుంటారు.

## విత్తేటప్పుడు

నిన్న వాన దంచి కొట్టింది. రేపే విత్తేయాలా?

చెయ్యి పెట్టి చూడండి. మూడు నాలుగు అంగుళాల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విరగాలి. అదే పదును. పైపైన తడిసి కింద పొడిగా ఉంటే మొలక వచ్చి మాడిపోతుంది. పదును అందిందంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు. వానాకాలంలో ముందు విత్తినవారికి లేత పైరు మొవ్వును చంపే మొవ్వు ఈగ బెడద తక్కువ. జూలై రెండో వారం దాటి విత్తితే ఈగకు విందు పెట్టినట్టే. ఊరంతా ఒకేసారి విత్తడం ఇంకా మంచిది.

ఎకరాకు ఎన్ని కిలోల విత్తనం, ఎంత దూరం?

మూడు నుంచి నాలుగు కిలోలు. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 12–15. పదిహేను చొప్పున పెడితే ఎకరానికి దాదాపు 60 వేల మొక్కలు. కిలోకు ముప్పై వేల పైచిలుకు గింజలుంటాయి కాబట్టి విత్తనం ఎక్కువే పడుతుంది. అందుకే మొలిచిన రెండు మూడు వారాల్లో ఒత్తుగా ఉన్నచోట పీకేయాలి. ఈ పని ఎవరికీ మనసొప్పదు. నీళ్లు తక్కువున్న చోట పీకని ప్రతి మొక్కా పక్కదాని నీళ్లు తాగేదే.

కంది కలిపి వేయవచ్చా?

తప్పకుండా. రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. జొన్న 100–115 రోజుల్లో పొలం ఖాళీ చేస్తుంది, అప్పటిదాకా నీడలో నెమ్మదిగా ఉన్న కంది ఆ తరువాత కొమ్మలు చాస్తుంది. ఒకటి పోయినా ఒకటి చేతికొస్తుంది. జొన్నతో కలిపి వేసిన కందిలో ఎండు తెగులు తగ్గుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. ఒక్క జాగ్రత్త: జొన్నలో కలుపుకు మామూలుగా వాడే అట్రజిన్ మందు కందిని చంపేస్తుంది. కలిపి వేసిన పొలంలో దాన్ని ముట్టుకోవద్దు. పైమట్టిని గీకే గుంటక, కొడవలి చాలు. మందే కావాలంటే పెండిమిథాలిన్ గురించి వ్యవసాయ అధికారిని అడగండి.

ఎరువు వేయకుండా పండుతుందా?

పండుతుంది, ఆ పంటను చూసి జొన్న దండగ అంటారు. పశువుల ఎరువు ఎకరాకు నాలుగు టన్నులైనా దుక్కిలో వేయండి. భాస్వరం మొత్తం, నత్రజనిలో సగం విత్తేటప్పుడు వేసి, మిగతా సగం నత్రజని మోకాలెత్తు పంటకు, నేలలో తడి ఉన్నప్పుడు వేయండి. పొడి నేల మీద యూరియా చల్లడం డబ్బులు గాలికి వదలడమే.

## మొలక నుంచి మోకాలెత్తు వరకు

మధ్య ఆకు ఎండిపోయింది, లాగితే ఊడి వస్తోంది. నీళ్లు చాలలేదా?

నీళ్లతో సంబంధం లేదు, అది మొవ్వు ఈగ పని. ఊడిన ఆకు మొదలు వాసన చూడండి, కుళ్లు వాసన వస్తుంది. ఈగ ఆకు అడుగున తెల్లటి గుడ్డు ఒక్కొక్కటిగా పెడుతుంది. దాని నుంచి వచ్చిన పురుగు సుడిలోకి దిగి, ఎదిగే మొవ్వును కోసేస్తుంది. మొలిచిన వారం నుంచి నాలుగు వారాల వరకే దీని ఆట. ఇప్పుడు మందు కొట్టినా చచ్చిన మొవ్వు బతకదు. పక్క పిలకలు వస్తాయి, కొన్ని కంకులేస్తాయి కూడా. వచ్చే ఏడాది విత్తనశుద్ధి చేసి, తొందరగా విత్తండి.

సుడిలో రంపపు పొట్టులా ఉంది, ఆకుల నిండా చిల్లులు. ఏమిటిది?

కత్తెర పురుగు. 2018లో మన దేశంలో కనిపించింది, మొక్కజొన్న దానికి ఇష్టం, జొన్ననూ వదలదు. పొట్టులా కనిపించేది దాని విసర్జన. తక్కువ మొక్కల్లో ఉంటే సుడిలో వేలు పెట్టి ఏరేయడమే.

పక్కింటివారి ఆవు వచ్చి లేత జొన్న మేసింది. ఏమైనా అవుతుందా?

అవుతుంది, ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి ఫోను చేయండి. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు అందులోంచి సైనైడ్ విషం విడుదలవుతుంది. వానలేక గిడసబారిన మొక్కలో ఇది మరీ ఎక్కువ. అన్నింటికంటే ప్రమాదం, ఎండిన పైరు వాన పడ్డాక కొత్తగా వేసిన చిగుళ్లు, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలు. నురగ, ఆయాసం, తూలడం కనిపిస్తే గంటల్లో కాదు, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. డాక్టరు నరానికి ఇచ్చే విరుగుడు మందులు ఉన్నాయి, సమయానికి పడితే పశువు లేచి నిలబడుతుంది. ఇంటి చిట్కాలతో కాలం వృథా చేయకండి.

పూతకు వచ్చేదాకా, కనీసం 50 రోజులు, పశువులను జొన్నలోకి పోనివ్వకూడదు. కోసి బాగా ఎండబెట్టిన చొప్పలో ఈ విషం చాలా వరకు పోతుంది. కరువును తట్టుకునే పంట గురించి చెప్పేవారు ఈ ఒక్క సంగతి చెప్పడం మరచిపోతారు. మా ఊళ్లో మాత్రం జొన్న చేను గట్టు మీద పలుపు తాడు పొడవు చూసుకోకుండా ఎవరూ ఎడ్లను కట్టరు.

## వాన ముఖం చాటేసినప్పుడు

ఇరవై రోజులుగా చినుకు లేదు. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. పంట పోయినట్టేనా?

పొద్దున ఆరింటికి వెళ్లి చూడండి. మధ్యాహ్నం చుట్టుకున్న ఆకు తెల్లవారేసరికి విచ్చుకుని ఉంటే పంట బాగానే ఉంది. ఆకు చుట్టుకోవడం ఎండకు కనిపించే వైశాల్యాన్ని తగ్గించుకోవడమే, మనం గొడుగు వేసుకున్నట్టు. ఉదయం కూడా విచ్చుకోకుండా, అడుగు ఆకులు అంచుల నుంచి ఎండుతూ వస్తుంటే అప్పుడు భయపడాలి.

కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగును బొటనవేలితో రుద్దండి. వేలికి తెల్లటి పొడి అంటుతుంది, విభూతిలా. అది మైనం. నీరు ఆవిరైపోకుండా మొక్క తనకు తానే పూసుకున్నది. దానికి తోడు జొన్న తక్కువ నీటితో ఎక్కువ పిండిపదార్థం తయారుచేసుకునే జాతి. మొక్కజొన్న, చెరకు కూడా ఆ జాతే, వరి, గోధుమ కాదు. మొక్క కణాల్లో చక్కెరలు, లవణాలు పోగుచేసుకుని నీటిని పట్టి ఉంచుతుంది. పూతకు ముందు వాన ఆగితే ఈ ఉపాయాలన్నీ కలిసి పనిచేస్తాయి. మొక్క ఎదగదు, చావదు. రెండు మంచి వానలు పడితే పది రోజుల్లో మీ పొలాన్ని మీరే గుర్తుపట్టలేరు.

పూత తరువాత వాన ఆగితే కథ వేరు. అప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు, ఉన్న నీళ్లతోనే గింజ నింపాలి. కొన్ని రకాలకు అడుగు ఆకులు కూడా చివరిదాకా పచ్చగా నిలుపుకునే గుణం ఉంటుంది. అవి ఇక్కడ నెగ్గుకొస్తాయి. ఆ గుణం లేనివి కాండంలోని సారాన్ని గింజకు ఒంపేసి బోలుగా మారతాయి. మట్టిలోని బూజు ఆ కాండంలోకి చేరి లోపల నల్లటి మసి నింపుతుంది, చిన్న గాలికి పంట పడిపోతుంది. యాసంగిలో జొన్న మూకుమ్మడిగా పడిపోయిందంటే ఒక మొక్కను నిలువునా చీల్చి చూడండి, బొగ్గుపొడి లాంటిది కనిపిస్తుంది.

బోరులో ఒక్క తడికే నీళ్లున్నాయి. ఎప్పుడు ఇవ్వాలి?

కంకి పొట్టలో ఉన్నప్పుడు. పై ఆకు తొడుగు ఉబ్బి, నొక్కితే లోపల కంకి గట్టిగా తగులుతుంది, విత్తిన 55–65 రోజుల మధ్య. ఆ వారంలో ఇచ్చిన తడి, మొదటి నెలలో ఇచ్చిన రెండు తడులకు సమానం. మొదటి నెలలో జాలిపడి నీళ్లు పెడితే వేర్లు పైనే తిరుగుతాయి, లోతుకు దిగవు. రెండో తడికి కూడా నీళ్లుంటే గింజ పాలుపోసుకునేటప్పుడు ఇవ్వండి.

రేగడి నేల పగుళ్లిచ్చింది. కాలు దూరేంత.

గుంటక తోలండి. పైన రెండు అంగుళాల మట్టి పొడిలా మారి పగుళ్లను మూసేస్తుంది, లోపలి తడి బయటికి పోదు. పెద్దవాళ్లు దీన్ని సగం తడి పెట్టినట్టు అంటారు, ఒక్క యాసంగి చూస్తే నమ్ముతారు.

కంకి సగమే బయటికి వచ్చి ఆగిపోయింది.

పొట్ట దశలో నీరు చాలకపోవడం వల్ల. తొడుగులో ఇరుక్కున్న భాగంలో గింజ పట్టదు. చేయగలిగింది లేదు, బయట ఉన్నంత మేరకు వస్తుంది.

## కంకి నుంచి కళ్లం వరకు

పిట్టలు ఊడ్చేస్తున్నాయి. ఏం చేయాలి?

నేను మూడో ఏడాది ఊళ్లో అందరికంటే పక్షం రోజుల ముందు పండే రకం వేసి గర్వపడ్డాను. చుట్టూ పది ఎకరాల్లో గింజ ఉన్నది నా పొలంలోనే. శనివారం నాటికి పాలకంకులు నిగనిగలాడుతున్నాయి. మరుసటి శనివారం వెళితే చిలకలు, పిచ్చుకలు కలిసి చీపురు పుల్లలు మిగిల్చాయి. ఎకరం జొన్నకు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మనిషి కావాలి, గింజ పాలుపోసుకున్నప్పటి నుంచి మూడు వారాలు. మంచె, వడిసెల, డబ్బా చప్పుడు, మెరిసే రిబ్బన్లు అన్నీ కొన్నాళ్లే పనిచేస్తాయి, మనిషి ఒక్కడే అన్నాళ్లూ పనిచేస్తాడు. వారాంతపు రైతులు చేయగలిగిన తెలివైన పని, ఊరివాళ్లు వేసిన రోజే వేయడం. అప్పుడు పిట్టలు అందరికీ పంచి తింటాయి.

కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

కంకి అడుగు భాగం నుంచి ఒక గింజ తీయండి. గింజ కంకికి అతికిన చోట నల్లటి చుక్క కనిపిస్తే అది నిండింది, ఇక నిలిపితే బరువు పెరగదు. పూత వచ్చిన 35–40 రోజులకు ఈ చుక్క వస్తుంది. అప్పటికి గింజలో ఇంకా మూడో వంతు దాకా తేమ ఉంటుంది, కోసి ఎండబెట్టాలి. వాన వచ్చే సూచన ఉంటే చుక్క కనబడిన రోజే కంకులు కోసేయండి, చొప్ప తరువాత కోసుకోవచ్చు.

గింజలు నల్లబడ్డాయి. కడిగి తినవచ్చా?

రెండు రకాల నలుపు ఉంది. గింజ బదులు నల్లటి పొడి ఉన్న సంచి కనిపిస్తే అది కాటుక తెగులు, ఆ కంకిని జాగ్రత్తగా తుంచి కాల్చేయాలి. గింజ గింజలాగే ఉండి పైన బూడిద, గులాబి, నలుపు రంగు పాచి ఉంటే బూజు. బూజు పట్టిన జొన్న తినవద్దు, కడిగినా, వండినా దాని విషం పోదు. 1995లో అకాల వర్షాలకు తడిసిన జొన్న, మొక్కజొన్న తిని దక్కన్ గ్రామాల్లో జనం కడుపునొప్పి, విరేచనాలతో మంచం పట్టారు. పరీక్షిస్తే బూజు నుంచి వచ్చిన ఫ్యుమోనిసిన్ విషమని తేలింది.

ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

పన్నెండు శాతం తేమకు ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పెడితే ఏడాదికి పైగా. పళ్ల మధ్య పెట్టి కొరికితే టక్కున విరగాలి. పూర్వం నేలలో పాతరలు తవ్వి ఏళ్ల తరబడి దాచేవారు. ఎక్కడైనా పాత పాతర కనిపిస్తే ముచ్చటపడి దిగకండి, లోపల ప్రాణవాయువు ఉండదు. పాతకాలంలోనూ ముందు దీపం దించి చూసి, ఆరిపోకపోతేనే మనిషి దిగేవాడు.

చొప్ప ఏం చేయాలి?

అమ్మేయండి. నగరం చుట్టూ ఉన్న పాడివాళ్లు యాసంగి చొప్పను కళ్లం దగ్గరికే వచ్చి కొంటారు.

## వంటింట్లో

నా రొట్టె తట్టేటప్పుడే విరిగిపోతోంది. పిండి మంచిది కాదా?

సగం కారణం పిండి, సగం నీళ్లు. జొన్న పిండిలో గోధుమలోలా సాగే జిగురు ఉండదు. మరిగే నీళ్లు పోస్తే పిండి కొంత ఉడికి ఆ జిగట వస్తుంది. పిండి పట్టించి మూడు నాలుగు వారాలు దాటితే ఆ జిగి పోతుంది, కాబట్టి రెండు కిలోలకు మించి పట్టించవద్దు. మా వదిన పద్ధతి ఇది: ఉప్పు వేసిన నీళ్లు తెర్లుతుండగా పిండిలో పోసి గరిటెతో కలిపి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగుతుంది. చెయ్యి పట్టే వేడికి వచ్చాక అరచేతి మడమతో పిసుకుతుంది, కనీసం రెండు నిమిషాలు. ఉండ అంచు నొక్కితే పగుళ్లు రాకూడదు. పెనం మీద వేశాక పొడి పిండి ఉన్న పైభాగాన్ని తడి గుడ్డతో తుడిచి, ఆ తడి ఆరాకే తిప్పాలి. సాయంత్రాలు అత్తాపూర్ రోడ్డు పక్కన రొట్టెలు తట్టే అమ్మ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి, ఏ వీడియో కంటే బాగా అర్థమవుతుంది.

జొన్న తింటే షుగర్ తగ్గుతుందా?

తగ్గదు, నెమ్మదిగా పెరుగుతుంది. వంద గ్రాముల జొన్నలో పీచు 10 గ్రాములు, మాంసకృత్తులు దాదాపు 10. మరపట్టిన బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, మాంసకృత్తులు 8. పిండిపదార్థం మాత్రం జొన్నలోనూ మూడింట రెండు వంతులు. అన్నం మానేశానని నాలుగు రొట్టెలు తినే మా బాబాయికి చెప్పి చెప్పి అలసిపోయాను. మందులు మీ డాక్టరును అడగకుండా మార్చవద్దు.

మూడు పూటలా జొన్నే తినవచ్చా?

పప్పు, పాలు, ఆకుకూరలు తోడుంటే తినవచ్చు. జొన్న తప్ప మరేమీ లేని తిండి మంచిది కాదని హైదరాబాద్‌లోనే తేలింది. తమిళనాడు కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో ఇక్కడికి మారింది, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో దక్కన్ పేదల్లో కనిపించే పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధికి జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని ప్రతిపాదించారు. దాని మీద తరువాత వాదాలు నడిచాయి. ఏమైనా, ఆ రోగులు తిన్నది దాదాపు జొన్న ఒక్కటే. పులియబెట్టిన అంబలి చేసుకుంటే జొన్నలోని మాంసకృత్తులు మరింత బాగా అరుగుతాయి.

పచ్చజొన్నలు కొంటే పసుపుగా ఉన్నాయి. మోసపోయానా?

లేదు. ఇక్కడ పచ్చ అంటే పసుపు. పసుపు రాసిన చీరను పచ్చని చీర అంటాం కదా. లేత ఆకుపచ్చ గింజలు కావాలంటే పాలకంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం అడగండి, కొద్ది రోజులే దొరుకుతాయి.

తొలి ఏకాదశికి పేలాలు చేద్దామంటే సగం గింజలు పేలడం లేదు.

గింజ మరీ ఎండిపోయి ఉంటుంది. గుప్పెడు నీళ్లు చిలకరించి, కలిపి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున కాసేపు నీడలో ఆరబెట్టి, ఇనుప మూకుడు బాగా కాగాక, ఒక్కో వాయికి పిడికెడు మించకుండా వేయండి. ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడి గింజ మాడుతుంది, పేలదు. గట్టిగా, గాజులా నిగారించే చిన్న గింజే ఎక్కువ పేలుతుంది. రొట్టెకు బాగుండే మెత్తటి లావు గింజ పేలాలకు పనికిరాదు. పేలినవి చల్లారాకే బెల్లం, యాలకులు వేసి దంచండి, వేడి మీద దంచితే ముద్దకడుతుంది.